వానకొక జత, చలికొక జత

మేడ మీది గది,
జూన్, ఆదివారం

మావయ్యా,

ఉద్యోగం వచ్చింది. ముందు ఆ మాట రాసేసి తర్వాత కుశలం అడుగుదామనుకున్నాను. కుశలమేనా?

పనేమిటో చెబితే నవ్వుతావు. ఊళ్లో చిన్న చిన్న క్లినిక్కులు చాలా ఉన్నాయి. వాటన్నిటికీ సైకిల్ మీద తిరిగి, అక్కడ తీసిన రక్తం శాంపిళ్లు పెట్టెలో సర్దుకుని, పెట్టె వీపుకి తగిలించుకుని ల్యాబుకి చేర్చాలి. ఇక్కడి సందుల్లో కారు దూరదు, నేను దూరుతాను. చిన్నప్పుడు షాపు ముందు సీటు పట్టుకుని నువ్వు నేర్పిన తొక్కుడే ఇప్పుడు నాకు అన్నం పెడుతోంది. చదువుకోమని నువ్వు పెట్టిన చీవాట్లన్నీ దండగైపోయాయి.

ఇప్పుడున్నది తాత్కాలికం. ఎండా వానా చలీ మూడూ గడిచేదాకా ఒక్క శాంపిల్ కూడా పాడుచేయకుండా తెస్తే, వచ్చే వసంతంలో పర్మనెంట్ చేస్తానంది మా సూపర్‌వైజరమ్మ. పర్మనెంట్ అయిన మర్నాడే కిటికీ ఉన్న గది చూసుకుంటాను. నిన్ను ఆ షాపు మాన్పించి ఇక్కడికి తెచ్చుకుంటాను. రానని మొరాయిస్తావని తెలుసు, అయినా తెచ్చుకుంటాను.

అసలు సంగతి. ఎండకి చేతులు చెమటపట్టి హ్యాండిల్ జారిపోతోంది. అరచేతుల నిండా బొబ్బలు. సైకిల్ షాపులో గ్లవ్స్ కౌంటర్ దగ్గర తల నెరిసిన మనిషి మేనకోడలు ఇలా బొబ్బల చేతులతో ఊరేగితే పోయేది నీ పరువే. ఒక జత పంపు.

నీ చిట్టెలుక

*

షాపు వెనక గది,
జూన్

చిట్టెలుకా,

నీ ఉత్తరం కౌంటర్ మీద పరిచి వచ్చినవాళ్లందరికీ చదివి వినిపించాను. గాలి పంపు కొనడానికొచ్చిన ఒకాయన నీకు దీవెనలు చెప్పి, పంపు మరిచిపోయి వెళ్లిపోయాడు. మా యజమాని నన్ను కొరకొరా చూశాడు. చూస్తే చూశాడు.

ఫోన్ చేయకుండా ఉత్తరం రాశావు, మంచి పని చేశావు. నా చెవులతో ఫోన్ మాట్లాడటమంటే తల ప్రాణం తోకకొస్తుంది.

ఎండకి సగం వేళ్ల జత పంపుతున్నాను. చేతి వీపు వైపు వల గుడ్డ కాబట్టి గాలి ఆడుతుంది. బొటనవేలి మీద తువ్వాలు గుడ్డ కుట్టి ఉంటుంది, అది నుదుటి చెమట తుడుచుకోవడానికి. ముక్కు కూడా దానితోనే తుడుచుకుంటారు, నేను చూడనట్టు ఊరుకుంటాను. అరచేతి కింద మెత్త పల్చగా ఉన్నదే ఎంచాను. మెత్త ఎంత లావుంటే అంత సుఖమనుకుంటారు జనం. లావైతే హ్యాండిల్ చేతికి తెలియదు.

నా కౌంటర్లో ఒక పరీక్ష ఉంది, నీకు గుర్తుందో లేదో. ఏ గ్లవ్ అయినా సరే, వేసుకుని బల్ల మీద పడి ఉన్న నాణెం తీయాలి. అంచుకి జరపకూడదు, గోటితో ఎగరేయకూడదు, వేళ్లతో పట్టుకుని లేపాలి. లేచిందా, బ్రేకు నీ చేతిలో ఉన్నట్టే. లేవకపోతే ఎంత ముచ్చటగా ఉన్నా ఆ గ్లవ్ నీది కాదు. ప్రతి జతకీ ఈ పరీక్ష పెట్టి నాకు రాయి. కిటికీ గది సంగతి తర్వాత చూద్దాం.

మావయ్య

*

ల్యాబు మెట్లు,
సెప్టెంబరు

మావయ్యా,

నాణెం తీశాను. సగం వేళ్ల గ్లవ్‌తో నాణెం తీయడం కూడా ఒక పరీక్షేనా? పుస్తకం ఎదురుగా పెట్టుకుని రాసినట్టుంది. బొబ్బలు మానిపోయాయి. వేసవంతా ఒక్క ట్యూబు పగల్లేదు. సూపర్‌వైజరమ్మ మొన్న నన్ను చూసి నవ్వింది, ఆవిడ నవ్వడం ఇక్కడెవరూ చూడలేదట.

ఇప్పుడు గాలులు మొదలయ్యాయి. నిన్న పొద్దున వంతెన మీద ఎదురుగాలి కొట్టింది చూడు, సైకిల్ ముందుకి కాదు పక్కకి నడిచింది. ల్యాబుకొచ్చి గ్లవ్స్ తీస్తే రెండు చేతుల్లోనూ మూడేసి వేళ్లు చివర్ల నుంచి తెల్లగా పాలిపోయి ఉన్నాయి. గీత గీసినట్టు అక్కడిదాకా తెలుపు, అక్కడి నుంచి మామూలు రంగు. నాతో పాటు తిరిగే రైడర్ ఒకడున్నాడు, ఆ పొడుగుకి అందరూ నిచ్చెన అనే పిలుస్తారు. వాడు నా వేళ్లు చూసి, సుద్దముక్కలు బాగున్నాయి, ఆ బోర్డు మీద ఏదైనా రాయమన్నాడు. కాసేపటికి వాటంతటవే సర్దుకున్నాయి.

గాలికి ఒక జత కావాలి. నిండు వేళ్లవి.

చిట్టెలుక

*

షాపు వెనక గది,
సెప్టెంబరు

చిట్టెలుకా,

గాలి జత ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. వీపు వైపు గాలి దూరని గుడ్డ, లోపలి వైపు పల్చటి తోలు. మణికట్టు పట్టీ పొడుగ్గా ఉన్నది వెతికాను. దాని మీదికి చొక్కా చెయ్యి లాగి వేసుకో, సందులోంచి గాలి పోకుండా.

రెండు మూడు సంగతులు రాయి. తెల్లబడ్డ వేళ్లు తర్వాత నీలంగా మారుతున్నాయా? ఆపైన ఎర్రబడి మండుతున్నాయా? సైకిల్ మీదేనా, చన్నీళ్లు ముట్టుకున్నా అవుతోందా? లైనింగ్ ఏది వేయించాలో తేల్చుకోవడానికి అడుగుతున్నాను, ఇంకేం లేదు.

ఈసారి నీ ఉత్తరం ఎవరికీ చదివి వినిపించలేదు. షాపులో రద్దీగా ఉంది.

మావయ్య

*

మేడ మీది గది,
అక్టోబరు

మావయ్యా,

లైనింగ్ కోసం అడిగినవాటికి జవాబులు: అవును, అవును, అవును. గట్టి లైనింగే వెయ్యి.

గాలి జత బాగుంది. నాణెం మాత్రం మూడోసారికి వచ్చింది. వేలి చివర లోపల కుట్టు లావుగా ఉన్నట్టుంది, అది అడ్డం పడుతోంది. చూసి పంపలేదా? వయసు మీద పడుతోంది నీకు.

వానలు పట్టుకున్నాయి. పొద్దున తడిసిన గ్లవ్స్ సాయంత్రానికి ఆరవు, మర్నాడు పొద్దున వాటినే మళ్లీ తొడుక్కోవడం నరకం. క్లినిక్ వరండాల్లో చేతులు పిండుకుంటూ నిలబడితే లోపల రోగులు నన్ను చూసి జాలిపడుతున్నారు. వాన జత ఒకటి పంపు, ఒక సైజు పెద్దదైనా పరవాలేదు.

ఒకటి అడగనా? అమ్మ చేతులు ఎలా ఉండేవి? ఊరికే గుర్తొచ్చి అడుగుతున్నాను. తను బట్టలు కుట్టడం లీలగా గుర్తుంది, మొహం గుర్తుంది, చేతులే సరిగ్గా గుర్తురావడం లేదు.

చిట్టెలుక

*

షాపు వెనక గది,
నవంబరు

చిట్టెలుకా,

జవాబు ఆలస్యమైంది, తిట్టుకోకు. నీ ఉత్తరం అందిన రోజు ఒంట్లో బాగాలేక షాపుకి పోలేదు.

వాన గురించి ముందే ఒక మాట. తడవని గ్లవ్ లేదు. ఉందని ఎవడైనా అంటే వాడు అమ్మేవాడే గాని తొక్కేవాడు కాడు. నేనూ అమ్మేవాడినే, కాని నీకు అబద్ధం చెప్పను. పైనుంచి తడవకపోతే లోపల చెమటకి తడుస్తుంది. అందుకని తడిసినా వేడి పోనివ్వని రబ్బరు గుడ్డ జత పంపుతున్నాను. వానలో మాత్రం కోటు చెయ్యి గ్లవ్ మీదికి రావాలి, లేకపోతే చేతి మీద జారిన నీళ్లన్నీ తిన్నగా గ్లవ్‌లోకే పోతాయి. రెండు జతలు పంపుతున్నాను, ఒకటి ఆరేలోపు ఇంకొకటి. ఆరబెట్టేటప్పుడు లోపల పాత కాగితాలు ఉండచుట్టి కుక్కు.

సైజు పెద్దదే వేశాను. కిందటి జత బిగుతైందనుకుంటాను. బిగుతు గ్లవ్ రక్తాన్ని ఆపేస్తుంది, వేళ్లు తెల్లబడతాయి, మొద్దుబారతాయి. షాపులో ఎందరినో చూశాను. తప్పు గ్లవ్‌దే, నాదే. నువ్వేం బెంగపెట్టుకోకు.

మీ అమ్మవి మామూలు చేతులే. బాగా కుట్టేది. ఊపిరితిత్తుల జబ్బుతో పోయిందని నీకు తెలుసు కదా. ఇప్పుడా సంగతులెందుకు?

నీ అక్షరాలు ఏమిటి ఇంత పెద్దవయ్యాయి? గోడ మీద రాస్తున్నావా, కాగితం మీదా?

మావయ్య

*

మేడ మీది గది,
డిసెంబరు

మావయ్యా,

లావు పెన్ను కొన్నాను, అందుకే పెద్ద అక్షరాలు. నీకు చత్వారం కదా, నీ మేలు కోరే రాస్తున్నాను.

చలి ముదిరింది. పొద్దున్నే సైకిల్ సీటు మీద మంచు గీకి ఎక్కాలి. వాన జతలు రెండూ బాగున్నాయి గాని ఈ చలికి చాలడం లేదు. కుడి చూపుడువేలి చివర చిన్న పుండు లేచింది, మానడం లేదు. గ్లవ్ కుట్టు ఒరుసుకుని ఉంటుంది. శాంపిళ్ల పెట్టెకి గొళ్లెం బిగుసుకుపోతోంది, నిచ్చెన వేసిపెడుతున్నాడు. వాడిది మంచి మనసు, నోరు ఒక్కటే ఆగదు.

పర్మనెంట్ ఒక్కరినే చేస్తారట. నన్నో వాడినో. ఇంతవరకూ నాకు ఒక్క శాంపిల్ కూడా పాడవలేదు, వాడికి వేసవిలో ఒకటి పోయింది. ఈ ఒక్క చలికాలం గట్టెక్కితే చాలు మావయ్యా. నీ దగ్గర ఉన్నవాటిలో అన్నిటికన్నా వెచ్చటిది పంపు.

నాణెం సంగతి తర్వాత రాస్తాను.

చిట్టెలుక

*

షాపు వెనక గది,
డిసెంబరు

చిట్టెలుకా,

వేళ్లు విడివిడిగా ఉంటే దేని చలి దానిదే. అందుకే ఈసారి రెండేసి వేళ్లు ఒకచోట ఉండే జత పంపుతున్నాను. షాపులో మేం దీన్ని పీత గ్లవ్ అంటాం. వేసుకుంటే నువ్వే చూస్తావు ఎందుకో. లోపల తొడుక్కోవడానికి పల్చటి పట్టు జత కూడా పెట్టాను. రెండూ కలిపినా వదులుగానే ఉండాలి, వేళ్ల చుట్టూ కాస్త గాలి నిలవాలి. ఆ గాలే వెచ్చదనం.

పుండుకి గుడ్డ కట్టు. ఒకసారి డాక్టర్‌కి చూపించు. గ్లవ్ సైజు తేల్చుకోవడానికే అనుకో. వెళ్లు తల్లీ, వాయిదా వేయకు.

ఈ జతకి నాణెం పరీక్ష అక్కర్లేదు. పీత గ్లవ్‌తో ఎవరూ తీయలేరు. నాణెం గురించి నాకేం రాయకు.

మావయ్య

*

మేడ మీది గది,
ఫిబ్రవరి

మావయ్యా,

ఈ ఉత్తరం కొన్ని రోజులుగా రాస్తున్నాను. కాసేపు రాసి, చేతులు వేడినీళ్ల గిన్నెకి ఆనించుకుని, మళ్లీ రాస్తున్నాను. ఓపిగ్గా చదువు.

పడ్డాను. పెద్ద దెబ్బలేం కాదు, మోకాలు, గడ్డం. క్లినిక్ దగ్గర్నుంచి ల్యాబుకి దిగే వాలు ఉంది. కింద గేటు మూసి ఉంది. బ్రేకు పట్టాను, పట్టాననే అనుకున్నాను. తీరా చూస్తే వేళ్లు బ్రేకు మీద ఊరికే ఆని ఉన్నాయి, వంగలేదు. గేటుకి గుద్దుకుని వీపు మీద పడ్డాను. పెట్టెలో ట్యూబులన్నీ పోయాయి. వాటిలో ఒకటి పురిటి బిడ్డది. అంత చిన్న పిల్లలకి మడమలో గుచ్చి చుక్క చుక్కగా పిండి తీస్తారు. వాడికి మళ్లీ గుచ్చారు. ఆ ఏడుపు నేను వినలేదు, అయినా వినిపిస్తూనే ఉంది.

అందరూ గ్లవ్‌ని తిట్టారు. నిచ్చెన అయితే ఆ పీత గ్లవ్ నా చేతినుంచి లాగి గేటు అవతలకి విసిరేశాడు, ఇలాంటివి ఎవడు అమ్ముతాడని. గదికొచ్చి బల్ల మీద నాణెం పెట్టి వట్టి చేత్తో తీయబోయాను. రాలేదు. ఎంతసేపు కూర్చున్నా రాలేదు.

అలా తీయబోవడం అదే మొదలు కాదు. అక్టోబరులో మూడోసారికి వచ్చిందని రాశాను చూడు, అది గ్లవ్ తీసేశాక. గ్లవ్‌తో అసలు రానే లేదు.

నాకు అమ్మ చేతులు గుర్తున్నాయి మావయ్యా. చిన్నపిల్లని కదా, మరిచిపోయి ఉంటానని నువ్వనుకున్నావు. గుర్తులేదని నేనే రాశాను, నువ్వు ఏం చెబుతావో చూద్దామని. మొదట సూదిలో దారం ఎక్కించమని నాకిచ్చేది. తర్వాత సూదే పట్టుకోలేకపోయింది. నువ్వు రోజూ షాపుకి వెళ్లేముందు వచ్చి అమ్మ స్వెట్టర్ బొత్తాలు పెట్టేవాడివి. షాపులో ఉన్న గ్లవ్స్ అన్నీ ఒక్కో జత తెచ్చి అమ్మకి తొడిగి, బల్ల మీద నాణెం పెట్టి తీయమనేవాడివి. తను తీయలేక నవ్వేది. నువ్వు ఇంకో జత తెచ్చేవాడివి. ఆ పరీక్ష సైకిల్ వాళ్ల కోసం పుట్టింది కాదు.

మరి తెలిసీ గ్లవ్స్ ఎందుకడిగానంటావా? తప్పు గ్లవ్‌దే అని నువ్వు రాస్తావని. రాశావు. ఆ ఉత్తరాన్ని కోటు జేబులో పెట్టుకుని ఈ చలికాలమంతా తిరిగాను. నాకేం కాలేదు, మా మావయ్య రాశాడు, ఆయనకి గ్లవ్స్ గురించి తెలియనిది లేదు అనుకుంటూ తొక్కాను.

డాక్టర్ అదే జబ్బు పేరు చెప్పింది. అమ్మ మందుల కాగితాల మీద ఉండే పేరే. మందులు దాని వేగాన్ని కొంచెం తగ్గించవచ్చట, పోయింది మాత్రం వెనక్కి తేవట. ఊపిరితిత్తులు కూడా ఇప్పుడే చూపించుకోమంది. ఆ మాట అంటూ నా మొహం వైపు చూడలేదు.

సైకిల్, పెట్టె ల్యాబులో అప్పగించేశాను. కూర్చుని చేసే పనేదైనా ఉందా అని అడిగాను. సూపర్‌వైజరమ్మ ట్యూబుల మీద చీటీలు అంటించే బల్ల చూపించింది. ఒక్కటి అంటించడానికి ఎంతసేపు పట్టిందంటే, పాపం ఆవిడే నా చేతిలోంచి తీసుకుని అంటించేసింది. పర్మనెంట్ నిచ్చెనకి వచ్చింది. వాడు నాకు మొహం చాటేస్తున్నాడు.

నాకు భయంగా ఉంది. తక్కినదంతా రాశాను, ఇది రాయడానికే సిగ్గేసింది.

ఎండకి, గాలికి, వానకి, చలికి చెప్పావు. సైకిల్ లేకుండా ఇంట్లో ఊరికే కూర్చునేవాళ్లకి ఏ జత మంచిది?

చిట్టెలుక

*

షాపు వెనక గది,
ఫిబ్రవరి

చిట్టెలుకా,

ఇంట్లో కూర్చునేవాళ్లకి వేళ్లన్నీ ఒకే సంచీలో ఉండే ఉన్ని జత మంచిది. ఒక వేలి వేడి ఇంకో వేలికి అందుతుంది. మీ అమ్మకి చివరికి నచ్చింది అదే. ఆ జత నా పెట్టెలో ఉంది. నిన్న తీసి ఉతికి ఆరేశాను. చిమ్మెట ఎక్కడా కొట్టలేదు. నీకు సరిపోతుంది.

లైనింగ్ కోసం అడిగానని రాశాను. నీ మూడు అవునులు చదివాక ఆ రోజు మంచం దిగలేదు. అయినా వాన జతలు వెతికాను, సైజులు చూశాను, కుట్లు తడిమి చూశాను. ఎక్కడో మంచి గ్లవ్ ఒకటి ఉండి ఉంటుందని, అక్కకి దొరకనిది నీకు దొరుకుతుందని, ఈ వయసులో కూడా పిచ్చివాడిలా షెల్ఫులన్నీ దించాను. లేదు.

మీ అమ్మకి రోజూ పొద్దున బొత్తాలు పెడుతూ, బాగవుతుందక్కా అని చెప్పేవాడిని. చివరి రోజు కూడా చెప్పాను. తను ఊఁ అనేది, నా కోసం. నీకు ఆ మాట చెప్పను. నువ్వు నా కోసం ఊఁ అనక్కర్లేదు. బొత్తాలు మాత్రం పెడతాను.

షాపులో పని మానేస్తున్నానని చెప్పేశాను. యజమాని ఎందుకని అడిగితే మా మేనకోడలు పర్మనెంట్ అయింది, నన్ను రమ్మంటోందన్నాను. కిటికీ ఉన్న గది తీసుకుందన్నాను. ఆయన చాలా సంతోషించాడు.

సోమవారం పొద్దుటి బండికి దిగుతాను. స్టేషన్‌కి రాకు, చలి. ఎవరినైనా అడిగి ఇల్లు కనుక్కుంటాను. ఆదివారం పడుకునేటప్పుడు తలుపుకి లోపల గడియ వేయకు, పొద్దున తీయడం నీకు కష్టం. ఊరికే దగ్గరగా వేసి ఉంచు, నేనే తోసుకుని వస్తాను.

మావయ్య